కొత్త టీవీకి కదలని బొమ్మే గండం



రేడియోలో కూర్చుని టీవీ గురించి మాట్లాడడమేమిటని నవ్వుకునేవాళ్లు నవ్వుకోవచ్చు. టీవీవాళ్లు మాత్రం ఈ సంగతి చెప్పరు. నేను చెప్పబోయే నష్టంలో తెర కింద వాళ్లు వేసే ఎర్రపట్టీకి, పై మూలన కూర్చోబెట్టే గుర్తుకి పెద్ద వాటాయే ఉంది.

ముందు షాపు సంగతి. మన విశాఖపట్నంలో డాబా గార్డెన్స్‌లోనో, ద్వారకానగర్‌లోనో, గాజువాకలోనో ఏదో ఒక పెద్ద షాపులోకి వెళ్లండి. గోడ పొడుగునా టీవీలన్నీ ఒకేసారి వెలుగుతుంటాయి. పైన లైట్ల వరస, ముందు అద్దాల తలుపుల్లోంచి ఎండ. అంత వెలుతురులో పక్కదాన్ని కాదని మన కన్ను తనవైపే తిప్పుకోవాలంటే ప్రతి టీవీ గొంతు చించుకోవలసిందే. అందుకని కంపెనీలు ‘వివిడ్’ అనో ‘డైనమిక్’ అనో ఒక పద్ధతి పెట్టి ఉంచుతాయి. కాంట్రాస్టు నూటికి నూరు. రంగు ముదురు. తెలుపు కాస్త నీలం తిరిగి తళతళలాడుతుంది. పగడపు దిబ్బల మధ్య చేపలు ఈదుతుంటే చూసి మురిసిపోయి కొనేస్తాం. ఆ టీవీ ఇంటికొచ్చి ఒక్క బల్బు వెలిగే హాల్లో గోడకెక్కుతుంది. సెట్టింగు మాత్రం షాపుదే. ఏళ్ల తరబడి ఎవరూ ముట్టుకోరు. రిమోట్‌లో ‘మెనూ’ అనే మీట ఒకటుందని చాలా ఇళ్లలో పిల్లలకు తప్ప ఎవరికీ తెలియదు.

నేను ఉక్కు కర్మాగారంలో ఇన్‌స్ట్రుమెంట్ల పని చేసి రిటైరైనవాణ్ణి. వేడి, ఒత్తిడి, ప్రవాహం కొలిచే పరికరాలతోనే జీవితం గడిచింది. దాంతో చుట్టుపక్కల ఎవరు కొత్త టీవీ కొన్నా, ‘మావయ్యా, ఓసారొచ్చి బొమ్మ సరిచేసి వెళ్లు’ అని పిలవడం అలవాటైంది. ప్లాస్మా టీవీలు మా వైపు ఇళ్లలోకి రావడం మొదలైనప్పటి నుంచి ఇదే వరస.

ప్లాస్మా ఇప్పుడు షాపుల్లో దొరకదు. ఆ రంగంలో అందరికంటే మంచి నలుపు చూపించిందని పేరు తెచ్చుకున్న పయొనీర్ కంపెనీ ‘కురో’ టీవీల నుంచి తప్పుకుంటున్నట్టు 2009లోనే ప్రకటించింది. పానసోనిక్ 2013 చివర్లో ఆపేసింది. శామ్‌సంగ్, ఎల్‌జీ ఆ మరుసటి ఏడాది చేతులెత్తేశాయి. అయినా కొన్నవాళ్ల ఇళ్లలో ఇంకా వెలుగుతున్న సెట్లు ఉన్నాయి. క్రికెట్ చూసేవాళ్లు వాటిని ఒక పట్టాన వదలరు. బౌండరీకి పరుగెత్తే బంతి వెనక తోకలా మసక లేకుండా చూపించడంలో ఆ రోజుల్లో ఎల్‌సీడీలు దాని దరిదాపుల్లోకి రాలేదు. ప్లాస్మా పోయినా, కదలని బొమ్మ తెర మీద అచ్చుపడే దాని గండం పోలేదన్నదే నేటి విషయం. ఓలెడ్ అనే కొత్తరకం టీవీలు లక్షలు పోసి కొంటున్నారు కదా, వాటికి అదే జబ్బు వారసత్వంగా వచ్చింది. కాబట్టి ప్లాస్మా గురించి చెప్పేదంతా ఓలెడ్ ఉన్నవాళ్లు కూడా చెవినబెట్టాలి. మామూలు ఎల్ఈడీ టీవీ ఉన్నవాళ్లకు ఈ అచ్చుపడే భయం దాదాపు లేదు. వాళ్లు బొమ్మ సరిచేసుకునే భాగం వింటే చాలు.

ఈ ప్లాస్మా పుట్టుకలోనే ఒక తమాషా ఉంది. 1964లో అమెరికాలోని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో డొనాల్డ్ బిట్జర్, జీన్ స్లాటో అనే ఇద్దరు ఆచార్యులు, రాబర్ట్ విల్సన్ అనే పరిశోధక విద్యార్థి కలిసి దీన్ని కనిపెట్టారు. కంప్యూటర్‌తో పాఠాలు చెప్పే ‘ప్లేటో’ అనే ఏర్పాటుకు వాళ్లకొక తెర కావలసి వచ్చింది. మామూలు పిక్చర్ ట్యూబుకైతే బొమ్మను క్షణక్షణం మళ్లీ మళ్లీ పంపుతూ ఉండాలి. అలా పంపాలంటే బొమ్మను దాచుకునే మెమరీ కావాలి. ఆ రోజుల్లో మెమరీ ధర వింటే గుండె ఆగేది. వీళ్లు చేసిన తెర అలా కాదు. ఒకసారి వెలిగిస్తే ఆ చుక్కను తనే పట్టి ఉంచుకుంటుంది, ఆర్పమనేదాకా ఆర్పదు. అంటే కదలని అక్షరాన్ని నిలబెట్టడానికే ప్లాస్మా పుట్టింది. నలభై ఏళ్ల తరవాత మన ఇళ్లకొచ్చేసరికి ఆ కదలని అక్షరమే దాని పాలిట ముప్పుగా కూర్చుంది. మొదటి తెరలన్నీ నారింజరంగులో మాత్రమే వెలిగేవి. రంగులు నేర్చుకుని, 42 అంగుళాల సైజులో మార్కెట్లోకి వచ్చేసరికి 1997 అయింది.

లోపల ఏం జరుగుతుందో కాస్త చెప్పుకుందాం. రెండు గాజుపలకలు. వాటి మధ్య కంటికి ఆనని గదులు. ఫుల్ హెచ్‌డీ తెరలో ఒక్కో చుక్కకు ఎరుపు, ఆకుపచ్చ, నీలం చొప్పున మొత్తం 62 లక్షల పైచిలుకు గదులు ఉంటాయి. ప్రతి గదిలోనూ నియాన్, జినాన్ వాయువులు. కరెంటు తగలగానే ఆ వాయువు అతినీలలోహిత కాంతి విడుస్తుంది. అది మన కంటికి కనిపించదు. గది గోడకు పూసిన ఫాస్ఫర్ అనే పొడి మీద పడి దాన్ని వెలిగిస్తుంది. మనం చూసే రంగు ఆ పొడిది. మన ట్యూబులైటూ ఈ సూత్రం మీదే వెలుగుతుంది, కాకపోతే అందులో ఉండేది పాదరసపు ఆవిరి.

ఇక జబ్బు అర్థం కావాలంటే ఆ ట్యూబులైటునే చూడండి. హాల్లో రోజూ ఆరు గంటలు వెలిగిన ట్యూబునూ, స్టోర్‌రూములో ఎప్పుడో ఒకసారి వెలిగిన ట్యూబునూ మూడేళ్ల తరవాత పక్కపక్కన బిగించండి. హాలుది మందంగా ఉంటుంది. దాని పొడి వాడకంలో అరిగింది. టీవీ తెర మీద ఉన్నది అలాంటి ట్యూబులే, 62 లక్షలు. అన్నీ సమానంగా అరిగితే తెర మొత్తం సమానంగా మందగిస్తుంది, మనకసలు తెలియనే తెలియదు. ఒక మూలన ఉన్నవి మాత్రం రోజంతా ఒకే తెల్లటి గుర్తును వెలిగిస్తూ ఉంటే, అవి మిగతావాటికంటే ముందుగా ముసలివవుతాయి. ఆ తరవాత మీరు నీలాకాశం పెట్టినా, పచ్చటి మైదానం పెట్టినా, ఆ గుర్తు నీడలా కనబడుతూనే ఉంటుంది. బొమ్మ తెరకు అంటుకుపోయిందనుకుంటారు చాలామంది. అంటుకున్నదేమీ లేదు, అక్కడ తెర అరిగింది. అందుకే తుడిస్తే పోదు, మెకానిక్కు బాగుచెయ్యలేడు. అరిగిన పొడిని తిరిగి పూసే మార్గం లేదు. తెర మార్చాలంటే కొత్త టీవీయే కొనడం నయం.

కూర్మన్నపాలెంలో ఒక పెద్దావిడ ఇంటికి ఇలాంటి పనిమీదే వెళ్లాను. పొద్దున్నే కాఫీతో పాటు వార్తలు పెట్టేవారు, రాత్రి పడుకునేదాకా అదే ఛానెల్. చూసినా చూడకపోయినా ఇంట్లో అలికిడి ఉండాలని. ఆవిడ నన్ను కూర్చోబెట్టి, ‘ఏటి బాబూ ఇది? సినిమా ఎట్టినా ఆ వార్తల పట్టీ పోదేటి?’ అన్నారు. చూస్తే నిజమే. హీరోగారి మోకాళ్ల దగ్గర ఈ చివర నుంచి ఆ చివరికి ఒక గీత, పైన కుడిపక్క ఒక గుండ్రటి మచ్చ.

2004లో టీవీ9 మొదలయ్యాక ఇరవైనాలుగు గంటల తెలుగు వార్తా ఛానెళ్లు ఒకదాని వెనక ఒకటి వచ్చాయి. సరిగ్గా ఆ ఏళ్లలోనే ప్లాస్మాలూ వచ్చాయి. రెండిటికీ జాతకాలు కలవలేదు. మన వార్తల తెరను ఒక్కసారి బయటివాళ్ల కంటితో చూడండి. కింద రెండంతస్తుల పట్టీ, దాని పైన ‘బ్రేకింగ్’ పలక, ఒక పక్క గడియారం, ఇంకో పక్క ఛానెల్ గుర్తు, పండగొస్తే చుట్టూ ప్రకటనల చట్రం. వార్త చదివే మనిషికి మిగిలేది మధ్యలో కిటికీ అంత జాగా. పట్టీలో పరుగెత్తే అక్షరాలతో భయం లేదు, అవి కదులుతున్నాయి. వాటి వెనక కదలకుండా ఉండే రంగుపట్టీ, గుర్తు, గడియారం చట్రం, వీటితోనే ప్రమాదం. తెలుపైతే మూడు రంగుల గదులూ ఒకేసారి అరుగుతాయి. నీలమైతే మరీ కష్టం. ప్లాస్మా ఫాస్ఫర్లలో త్వరగా అలసిపోయేది నీలమే. ఓలెడ్‌లో కూడా ఆయుష్షు తక్కువది నీలమే. క్రికెట్‌లో స్కోరు పట్టీ సంగతీ అంతే. 2005 ఏప్రిల్ 5న మన మధురవాడ స్టేడియంలో పాకిస్తాన్ మీద ధోనీ 148 కొట్టినప్పుడు చాలా ఇళ్లలో ఉన్నవి వెనక బుర్ర ఉన్న పాత టీవీలే, పూట పూటంతా స్కోరు పట్టీ నిలిచినా వాటికి అంత తొందరగా ఏమీ కాలేదు. పాత టీవీలకు అసలు అచ్చు పడదని మాత్రం అనుకోకండి. రైల్వే స్టేషన్లలో రైళ్ల వేళలు చూపించే పాత మానిటర్లు ఆపి ఉన్నా వాటి మీద అక్షరాలు చదవగలిగేవాళ్లం. కంప్యూటర్లలో స్క్రీన్ సేవర్ అని పెట్టింది మొదట్లో ఈ భయంతోనే.

ఇక్కడొక మంచి వార్త. తెర మీద మిగిలిన నీడ ప్రతిదీ శాశ్వతం కాదు. గంటసేపు ఒకే బొమ్మ ఉంచి మార్చగానే కనబడే మరక చాలాసార్లు తాత్కాలికమే. నిండు తెరతో కదిలే బొమ్మ ఏదైనా నడిపితే కొన్ని నిమిషాల్లోనో, కొన్ని గంటల్లోనో కరిగిపోతుంది. ప్లాస్మా సెట్ల మెనూలో తెల్లటి పట్టీ తెర మీద అటూ ఇటూ పాకే ఏర్పాటు చాలావాటికి ఇచ్చారు, అది ఇందుకే. బొమ్మను కంటికి తెలియకుండా రెండు మూడు చుక్కలు పక్కకు జరిపే ‘ఆర్బిటర్’ కూడా ఉంటుంది. అది వేసి ఉంచండి. రోజులు గడిచినా, ఎన్ని సినిమాలు ఆడించినా ఆ నీడ అక్కడే ఉంటే అప్పుడది అరుగుదల. దానికి మందు లేదు.

ప్లాస్మా కొత్తగా ఉన్నప్పుడు ఫాస్ఫర్ మరీ సున్నితం. మొదటి వంద నుంచి రెండొందల గంటల్లో దాని అరుగుదల వేగంగా ఉంటుంది, ఆ తరవాత నిలకడకు వస్తుంది. అందుకే ఆ రోజుల్లో కొన్నవాళ్లందరికీ ఒకటే చెప్పేవాణ్ణి. మొదటి రెండు నెలలు కాంట్రాస్టు సగానికి దించండి, తెర నిండా బొమ్మ ఉండే కార్యక్రమాలే చూడండి, వార్తలు రేడియోలో వినండి అని. చివరి మాట నవ్వుతూ చెప్పినా, నిజానికి అదే అన్నిటికంటే పనికొచ్చే సలహా. సెకండ్‌హ్యాండ్ ప్లాస్మా కొనేవాళ్లు కూడా ఒక పని చెయ్యాలి. తెర మొత్తం ఒకే బూడిదరంగు వచ్చేట్టు పెన్‌డ్రైవ్‌లో ఒక బొమ్మ వేసుకెళ్లి పెట్టి చూడండి. పాత యజమాని ఏ ఛానెల్ చూసేవాడో తెర మీదే తెలిసిపోతుంది.

సరే, బొమ్మ సరిచేయడం. ఈ పని పగలు చెయ్యకండి. మీరు మామూలుగా టీవీ చూసే వేళకు, ఆ లైటే వేసుకుని, మీరు కూర్చునే చోటే కూర్చుని చెయ్యండి.

ముందు పిక్చర్ మోడ్‌లోకి వెళ్లి వివిడ్‌నో డైనమిక్‌నో తీసేయండి. ‘సినిమా’ అనో ‘మూవీ’ అనో ఉంటుంది, కొత్తవాటిలో ‘ఫిల్మ్ మేకర్’ అని కూడా ఉంటోంది. అది పెట్టండి. పెట్టగానే ఇంట్లో అందరూ గోల చేస్తారు, బొమ్మ పసుపుగా అయిపోయింది, పాత టీవీలా ఉంది అని. వాళ్లను రెండ్రోజులు ఓపిక పట్టమనండి. కన్ను అలవాటు పడ్డాక పాత సెట్టింగుకు తిరిగి వెళ్తే, ఇన్నాళ్లూ ఈ నీలపు మొహాలను ఎలా చూశామా అనిపిస్తుంది.

ఈ పసుపుదనం సంగతి మా ఉక్కువాళ్లకు చెబితే ఇట్టే అర్థమవుతుంది. ఇనుము వేడెక్కే కొద్దీ మొదట ముదురెరుపు, ఆ తరవాత నారింజ, ఆ పైన పసుపు, ఇంకా పైన తెలుపుకు తిరుగుతుంది. గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ అని మా బ్లాస్ట్ ఫర్నేసులకు పేర్లు. వాటిలోంచి సుమారు 1500 డిగ్రీల దగ్గర కారే ద్రవపు ఇనుమును నీలం అద్దంలోంచి చూసి, రంగును బట్టి వేడి చెప్పగలిగిన పాతకాపులు ఉండేవారు. పైరోమీటర్ అనే పరికరం చేసేదీ అదే, వెలుగు చూసి వేడి చెప్పడం. అలాగే ఏ తెలుపుకైనా ఒక ఉష్ణోగ్రత చెప్పవచ్చు. పాతకాలం ఫిలమెంటు బల్బు వెలుగు 2700 కెల్విన్ల చుట్టుపక్కల ఉంటుంది, పసుపు. పగటి వెలుగుకు ప్రమాణం 6500 కెల్విన్లు. టీవీ కార్యక్రమాలూ సినిమాలూ తయారుచేసేవాళ్లు తమ మానిటర్లను ఈ 6500కే కట్టి ఉంచుతారు. షాపు సెట్టింగులో మన టీవీ తొమ్మిది వేలు, పది వేలు దాటి నీలానికి పోతుంది. ట్యూబులైట్ల కింద నీలం తిరిగిన తెలుపు మరింత తెల్లగా కనబడుతుంది కాబట్టి. మెనూలో ‘కలర్ టెంపరేచర్’ దగ్గర ‘వార్మ్’ పెడితే 6500కి దగ్గరవుతాం. ఫర్నేసు లెక్కలో నీలంవైపు పోయేకొద్దీ వేడి ఎక్కువ. టీవీ మెనూలో మాత్రం దాన్ని ‘కూల్’ అన్నారు. ఫర్నేసు దగ్గర పనిచేసినవాళ్లను అడక్కుండా రాసినట్టున్నారు.

కాంట్రాస్టు అంటే తెలుపు ఎంత తెల్లగా అని. దీన్ని సరిచూడడానికి టెస్టు క్రికెట్టంత మంచి పరికరం లేదు. ఆటగాడి తెల్లచొక్కా మీద ముడతలు కనబడాలి. చొక్కా మొత్తం ఒకే తెల్లటి ముద్దలా వెలిగిపోతుంటే, ముడతలు కనిపించేదాకా తగ్గించండి. క్రికెట్ లేకపోతే పాత సినిమాలో తెల్లపంచె కట్టుకున్న పెద్దమనిషి చాలు. బ్రైట్‌నెస్ పేరు చూసి అదే వెలుగు అనుకుంటారు, అది సరిచేసేది నలుపును. రాత్రివేళ సన్నివేశం పెట్టి, నల్లజుట్టులో పాయలు, నల్లకోటు మడతలు కనబడీ కనబడనట్టుగా ఉండేట్టు చూడండి. పెంచితే నలుపు బూడిదవుతుంది, తగ్గిస్తే జుట్టంతా తారు పూసినట్టవుతుంది. తెర అసలు వెలుగును అదుపుచేసేది వేరే ఉంటుంది. కొన్ని ప్లాస్మాల్లో ‘సెల్ లైట్’, ఓలెడ్‌లో ‘ఓలెడ్ లైట్’, మామూలు ఎల్ఈడీ టీవీలో ‘బ్యాక్‌లైట్’. తెర ఆయుష్షు ఉన్నది దీని చేతిలో. ఎంత వెలుగైతే అంత అరుగుదల. రాత్రిపూట చూసేవాళ్లకు సగం చాలు, కరెంటు బిల్లూ తగ్గుతుంది. పెద్ద ప్లాస్మా తెర తెల్లగా వెలిగినప్పుడు వందల వాట్లు తాగుతుంది.

రంగు సంగతికి వస్తే, మనిషి మొహం ఒక్కటే చూడండి. మిగతావన్నీ మోసం చేస్తాయి. గడ్డి ఎంత ఆకుపచ్చో ఎవరికీ తెలియదు, మన చర్మపు రంగు మనకు తెలుసు. మొహాలకు కుంకుమ రాసినట్టుంటే రంగు ఎక్కువైంది. షార్ప్‌నెస్ అందరూ పెంచుతారు, నన్నడిగితే దాదాపు అడుక్కి దించాలి. అది కొత్తగా వివరమేమీ తెచ్చిపెట్టదు. ఉన్న అంచుల చుట్టూ తెల్లగీతలు గీస్తుంది. తెర మీద తెలుగక్షరాలు వచ్చినప్పుడు దగ్గరికెళ్లి చూడండి, మన గుండ్రటి అక్షరాల చుట్టూ తెల్లటి దయ్యపు అంచు కనిపిస్తే అది షార్ప్‌నెస్ పనే. ఇక ‘డైనమిక్ కాంట్రాస్టు’, ‘నాయిస్ రిడక్షన్’ లాంటివి ఆపేయండి. సినిమాను సీరియల్‌లా జారిపోయేట్టు చూపించే ‘మోషన్’ ఏర్పాటు కూడా ఆపేయండి. సినిమా సెకనుకు 24 బొమ్మలతో తీస్తారు, మధ్యలో బొమ్మలు కల్పించి కలిపే హక్కు టీవీకి ఎవరిచ్చారు?

బొమ్మ ఆకారం గురించి కొంచెం ఆగి చెప్పాలి, ప్లాస్మాకు ఇది ప్రాణం మీది సంగతి. మన పాత సినిమాలు, పాత దూరదర్శన్ కార్యక్రమాలు దాదాపు చతురస్రం. 1957 నాటి అసలు మాయాబజార్‌ను వెడల్పు తెర మీద పెడితే రెండు పక్కలా నల్లపట్టీలు వస్తాయి. 1974లో అల్లూరి సీతారామరాజుతో తెలుగులో సినిమాస్కోప్ మొదలైంది. ఆ తరహా సినిమాలకు పట్టీలు పైనా కిందా వస్తాయి. నల్లగా ఉన్నచోట ఫాస్ఫర్ అరగదు. అరక్కపోవడం మంచిదేగా అంటారు. మధ్యలో అరిగి పక్కల కొత్తగా ఉండిపోతే, రేపు నిండు బొమ్మ పెట్టినప్పుడు పక్కలు మెరుస్తాయి, మధ్యలో ఒక చతురస్రం మందంగా కనబడుతుంది. కొన్ని సెట్లలో పక్కపట్టీలను నలుపు కాకుండా బూడిదరంగు చేసుకునే వీలు ఇచ్చింది ఇందుకే. అలాగని బొమ్మను పక్కలకు లాగి తెర నింపితే సావిత్రిగారి మొహం, ఎస్వీఆర్ గారి భుజాలు ఏమవుతాయో నేను చెప్పక్కర్లేదు. నా తీర్పు ఇది. వారానికొక పాత సినిమా దాని ఆకారంలోనే చూడండి, ఏమీ కాదు. రోజూ చూసేది మాత్రం తెర నిండేదై ఉండాలి. వైవిధ్యమే తెరకు వైద్యం.

ఇప్పుడు మన ఊరి బాధలు. బీచ్ రోడ్డు వైపు ఫ్లాట్లలో పొద్దున్నే సూర్యుడు సముద్రం మీంచి నేరుగా హాల్లోకి దిగుతాడు. ప్లాస్మా ముందున్నది గాజు, దాన్లో బాల్కనీ, కొబ్బరిచెట్టు, మీ మొహం అన్నీ కనబడతాయి. అప్పుడు చెయ్యి వెంటనే కాంట్రాస్టు మీదికి పోతుంది. టీవీని సూర్యుడితో పోటీకి దింపకండి, కర్టెన్ వెయ్యండి. కొత్తగా గోడకు బిగిస్తున్నవాళ్లు కిటికీకి ఎదురు గోడ మానుకోండి. ఇక ఉక్కునగరం, గాజువాక వైపు షిఫ్టుల ఇళ్లు. సీ షిఫ్టు చేసి పొద్దున్న ఇంటికొచ్చి చూసేవాళ్లకూ, బీ షిఫ్టు దిగి రాత్రి పదకొండుకు లైటు తీసేసి చూసేవాళ్లకూ ఒకే సెట్టింగు సరిపోదు. పగటికి ‘స్టాండర్డ్’ మోడ్‌నూ, రాత్రికి ‘సినిమా’ మోడ్‌నూ వేరువేరుగా సరిచేసి పెట్టుకోండి. చాలా టీవీలు మోడ్‌కు ఒక సెట్టింగు చొప్పున గుర్తుంచుకుంటాయి.

ఉప్పుగాలి ఇంకో శత్రువు. ప్లాస్మా వేడెక్కుతుంది, వెనక గాలి ఆడే సందులుంటాయి. ఆ సందుల్లోంచే ఉప్పు తేమ లోపలికి పోయి సర్క్యూటు బోర్డులను తుప్పు పట్టిస్తుంది. గోడకు కనీసం నాలుగంగుళాల దూరం ఉంచండి, వెనక దుమ్ము దులపండి, సముద్రం వైపు కిటికీ పక్కన పెట్టకండి. ఇల్లు మారేటప్పుడు ప్లాస్మాను పడుకోబెట్టి ఆటోలో వెయ్యకండి. నిలబెట్టే తీసుకెళ్లాలి. లోపలున్నది పెద్ద బరువైన గాజుపలకలు.

మన డిష్ యాంటెన్నాల గురించీ ఒక మాట. వానలు మొదలవగానే సిగ్నల్ పోయి, తెర మధ్యలో ఒక పెట్టెలో ‘సిగ్నల్ లేదు’ అని వచ్చి కూర్చుంటుంది. అది వస్తుందిలే అని టీవీని అలాగే వదిలేసి వంటింట్లోకి పోతాం. వాన రెండు గంటలు కురిస్తే ఆ పెట్టె రెండు గంటలు అలాగే ఉంటుంది. సెట్‌టాప్ బాక్సు మెనూ, ఆపి ఉంచిన యూట్యూబ్ వీడియో, పిల్లల ఆటల్లో మూలన ఉండే ప్రాణాల లెక్క, ఇవన్నీ ఆ కుటుంబమే. తుఫాను రోజుల్లో మరీను. వాయుగుండం పటం, దాని కింద హెచ్చరికల పట్టీ పొద్దస్తమానం ఉంటాయి. చూడొద్దనను, మన తీరంలో ఉన్నవాళ్లు చూడకుండా ఎలా ఉంటారు? గంటకొకసారి చూసి ఆపండి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడైతే ఆ బెంగే లేకపోయింది, కరెంటే లేదు. బ్యాటరీ రేడియో ఉన్నవాళ్లదే భాగ్యం.

చివరగా ఓలెడ్ కొన్నవాళ్లకు ఒక ముఖ్యమైన సంగతి, ఇది షాపులో చెప్పరు. ఓలెడ్‌లో వాయువూ లేదు, పొడీ లేదు. కరెంటు తగిలితే తనంతట తనే వెలిగే సేంద్రియ పదార్థం. అది కూడా వాడకంతో అరుగుతుంది. కాకపోతే ఇవి కొంచెం తెలివైన టీవీలు. ఏ చుక్క ఎంత అరిగిందో కొలుచుకుని, దానికి తగ్గట్టు కరెంటు సర్దుకుంటాయి. ఎల్‌జీ ఓలెడ్ లాంటివి మొత్తం నాలుగు గంటలు నడిచాక, మీరు రిమోట్‌తో ఆపినప్పుడు, తెర చీకటిగా ఉండగానే కొన్ని నిమిషాల పాటు ఈ పని చేసుకుంటాయి. ఇందుకు ప్లగ్గులో కరెంటు ఉండాలి. మనకేమో రిమోట్‌తో ఆపడం, ఆ వెంటనే గోడ స్విచ్ కట్టేయడం అలవాటు. కరెంటు ఆదా అనీ, పిడుగుల భయమనీ. ప్రతి రాత్రీ అలా కట్టేస్తే ఆ టీవీకి తన అరుగుదల తాను సర్దుకునే అవకాశమే దక్కదు. ఉరుములు ఉరుముతుంటే ప్లగ్గు పీకేయండి, అందులో తప్పు లేదు. ఛానెల్ గుర్తుల వెలుగు దానంతటదే తగ్గించే ఏర్పాటు మెనూలో ఉంటుంది, అది కూడా వేసి ఉంచండి. వారంటీ కాగితంలో ఈ అచ్చుపడటాన్ని మినహాయించారేమో కొనేముందే చదవండి, చాలావాటిలో మినహాయిస్తారు.

ఇంట్లో ఓలెడ్ ఉన్నవాళ్లు ఈ రాత్రి నుంచే రిమోట్‌తో ఆపాక ఓ పావుగంట ఆగి గోడ స్విచ్ కట్టండి.